దొమజెత్ గారి కొడుకులు

మా ఊళ్ళో ఏ గడపలో అడిగినా ఇంటిపేరు ఒకటే: దొమజెతోవిచ్. దొమజెత్ అంటే ఇల్లరికపుటల్లుడు. చివర ఒవిచ్ తగిలిస్తే వాడి కొడుకులని అర్థం. అంటే ఊరు ఊరంతా ఎవరో ఒక ఇల్లరికపుటల్లుడి సంతానం. ఈ సంగతి పొరుగూరి పసిపిల్లలకి కూడా తెలుసు. మావాళ్ళకీ తెలుసుగానీ, రోజూ పలికే పేరు కనక దాని అర్థం వాళ్ళ చెవులకి ఎక్కడం మానేసింది. నేను కోడలిగా పరాయి చెవులతో వచ్చినదాన్ని కాబట్టి నాకు మాత్రం వినిపిస్తూనే ఉంటుంది.

అలాంటి ఊరికి స్రెదోయె ఇల్లరికం వచ్చాడు. ఓబ్రెన్ మామకి మగపిల్లలు లేరు. ఒక్కగానొక్క కూతురు స్తమేంక, మొరావ నదికి అవతలి గట్టున పీపాలు చేసే కుర్రాణ్ణి ఇష్టపడింది. మామూలుగా మా వైపు మగపెళ్ళివారు బండ్లు కట్టుకుని వెళ్ళి పిల్లని తెచ్చుకుంటారు. ఆ రోజు మాత్రం బట్టల మూటా పనిముట్ల పెట్టె పట్టుకుని బండి దిగింది పెళ్ళికొడుకు. మా మగవాళ్ళు కంచెలకి ఆనుకుని తమాషా చూశారు.

"కొత్త కోడలు పొడుగ్గా ఉందే. మీసాలు కూడా బాగున్నాయి," అన్నాడు ఒకడు.

"వంట కూడా వచ్చండి," అన్నాడు స్రెదోయె మూట దించుతూ. "కాస్త కుదురుకోనివ్వండి, మీ ఇంటికి కూర పంపిస్తాను."

నాకు ఆ క్షణానే నచ్చాడు. ఊళ్ళో ఆడవాళ్ళమందరం అలా మూటతో దిగినవాళ్ళమే. మమ్మల్ని చూసి ఎవరూ నవ్వలేదు. మగవాడు దిగేసరికి నవ్వు ఎందుకొచ్చిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

అతని ఇంటిపేరు కచారెవిచ్. ప్లమ్ పళ్ళు పులియబెట్టే పెద్ద పీపాలు చేసేవాణ్ణి మా భాషలో కచార్ అంటారు. తాతముత్తాతల నుంచి వాళ్ళది ఆ పనే. మా ఊరు బతికేది ప్లమ్ తోటల మీద, ఆ పళ్ళతో కాచే సారా మీద. స్రెదోయె రాకముందు మా పీపాలు కారేవి, మేం గుడ్డలు కుక్కుకునేవాళ్ళం. అతను చేసిన పీపా చుక్క కారేది కాదు. రెండు మూడేళ్ళలో ఊరంతా అతని పీపాలే. అయినా ఊరికి అతను స్తమేంక మొగుడే. అతని ఇంటిపేరు ఒక్కరి నోటంటా వచ్చేది కాదు.

వంశానికి పెద్ద విదోసవ్. ఓబ్రెన్ మామకి తమ్ముడి వరస. మాట మీద నిలబడే మనిషే, కాకపోతే మాట ముందు అనేసి తర్వాత ఆలోచిస్తాడు. గ్లాసు నిండితే చాలు, వంశకర్త కథ ఎత్తుకునేవాడు. ఆయన సుల్తాను పన్నుల అధికారిని గొడ్డలితో నరికి, కొండలు దాటి ఇక్కడికి వచ్చాడట. ఈ చుట్టుపక్కల ఏ వంశాన్ని కదిపినా వంశకర్త ఒక పన్నుల అధికారిని నరికే వచ్చాడు. అంతమంది అధికారులు సుల్తానుకి ఎక్కణ్ణుంచి దొరికారో మరి.

ఒక శరత్కాలం సారా బట్టీ దగ్గర మగవాళ్ళంతా కూర్చుని ఉన్నారు. స్రెదోయె నిలబడి మంట ఎగదోస్తున్నాడు. నేను రొట్టె, వెన్న పట్టుకెళ్ళాను.

"ఏమయ్యా అల్లుడూ, రేపు నీ పిల్లల్ని ఏమని పిలవాలి? పెళ్ళాం పేరు మీద స్తమేంకిచ్‌లనా?" అన్నాడు విదోసవ్.

"పిలవండి మామా, తప్పేముంది. పక్కూరి స్తానిచ్‌లు స్తాన అనే ఆవిడ సంతానమే కదా. మనకంటే వాళ్ళకే పొలం ఎక్కువ. అది సరేగానీ, నాదొక సందేహం తీర్చండి. నేనెవర్ని?"

"దొమజెత్‌వి. ఇంకెవరివి?"

"మీరో?"

"దొమజెతోవిచ్‌ని."

"అంటే దొమజెత్ కొడుకు. నాన్న ఇక్కడ నిలబడి మంట పెడుతుంటే కొడుకు అలా కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చునా?"

మా ఆయన మిలోయ్కోకి సారా కొరబోయింది. కుర్రాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. విదోసవ్ మాత్రం నవ్వలేదు. ఆ మాట ఆయనకి ముల్లులా లోపలే ఉండిపోయింది.

తర్వాత కొన్నేళ్ళకి, ఎండాకాలంలో ఓబ్రెన్ మామ పోయాడు. మా దగ్గర ప్రతి ఇంటికీ కాపు కాసే సాధువు ఒకరుంటారు. మా వంశానికి లూకా. ఆయన పండగ నాడు ఇంటి యజమాని కొవ్వొత్తి వెలిగించాలి, తండ్రి తర్వాత కొడుకు. ఆ కొవ్వొత్తి ఆరిన ఇల్లు పాడుపడ్డ ఇంటి కిందే లెక్క, ఎంతమంది కాపురం ఉన్నా సరే. ఓబ్రెన్ మామ ఇంట్లో దీపం పెట్టే దిక్కెవరన్న ప్రశ్న అప్పుడు వచ్చింది.

దినాలయ్యాక విదోసవ్ వచ్చి తేల్చేశాడు.

"రక్తం పంచుకోనివాడి చేతికి మా అన్న కొవ్వొత్తి పోదు. నా ఇంట్లోనే వెలిగిస్తాను. కాదంటావా, ఆ కచారెవిచ్ వదిలేసి దొమజెతోవిచ్ అని రాయించుకో. అప్పుడు కొవ్వొత్తి నీదే, ఇంటి పెద్దరికం నీదే."

"రాయించుకో నాయనా," అంది ఓబ్రెన్ మామ భార్య గ్రోజ్ద అత్తయ్య, కళ్ళు ఒత్తుకుంటూ. "ఆయన దీపం ఇంకో ఇంట్లో వెలుగుతుంటే నేను చూడలేను."

"దీపం ఇక్కడే వెలుగుతుంది అత్తయ్యా. నేనే వెలిగిస్తాను. మామ పేరు నిలబెట్టడానికి మా నాన్న పేరు పడగొట్టమంటే మాత్రం నా వల్ల కాదు."

"అలాగా," అన్నాడు విదోసవ్. "పండగ నాడు నీ గడప ఎవడు తొక్కుతాడో చూస్తాను."

ఆ మాట ఎంత పెద్దదో మా వాళ్ళకి తెలుసు. ఈ పండక్కి మేం ఎవర్నీ పిలవం. రావలసినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. రాలేదంటే ఆ ఇంటిని ఇంటిగా లెక్కపెట్టడం లేదని అర్థం.

పండగ నాడు మిలోయ్కో పొద్దున్నించీ బూట్లు తొడగడం, విప్పడం. "విదోసవ్ బాబాయి ఏమంటాడో," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "కాళ్ళు నీవి. బాబాయి నడిపిస్తే తప్ప కదలవా?" అని శాలువా కప్పుకుని బయల్దేరాను.

స్తమేంక వాళ్ళింట్లో బల్ల నిండా వంటలు. కొవ్వొత్తి వెలుగుతోంది. ఈ పండగ రోజు ఇంటి యజమాని కూర్చోకూడదు, అతిథుల కోసం నిలబడే ఉండాలి. స్రెదోయె టోపీ లేకుండా తెల్లవారుజాము నుంచీ నిలబడే ఉన్నాడు. పండగ రొట్టె ఇంకా విరవలేదు. దాన్ని యజమానీ ఇంకో మగమనిషీ చెరో వైపూ పట్టుకుని, తిప్పి, విరవాలి. ఆ రెండోవాడే లేడు.

"వదినా, నువ్వొక్కదానివేనా?" అంది స్తమేంక. నా వెనకాల ఖాళీగా ఉన్న దారికేసి చూసింది.

మధ్యాహ్నం దాటాక విదోసవ్ వచ్చాడు. టోపీ తియ్యలేదు. వాకిట్లో నలుగురైదుగురు మగవాళ్ళు, వాళ్ళలో మా ఆయన కూడా, నేల చూపులు చూస్తూ.

"అతిథిగా రాలేదు," అన్నాడు విదోసవ్. "లూకా పటం మా తాతలది. తీసుకెళ్తాను."

గ్రోజ్ద అత్తయ్య ఉడికించిన గోధుమల గిన్నె తెచ్చి ఆయన ముందు పట్టుకుంది. "ముందు మీ అన్న ఆత్మశాంతికి ఒక చెంచా తిను మరిదీ. తర్వాత ఏం తీసుకెళ్తావో తీసుకెళ్ళు."

అది కాదంటే పోయినవాళ్ళని కాదన్నట్టే. ఆయన టోపీ తీసి, శిలువ గుర్తు వేసుకుని, ఒక చెంచా తిన్నాడు.

"మామా, పటం ఎక్కడికీ పోదు," అన్నాడు స్రెదోయె. గొంతులో కోపం లేదు. "రొట్టె విరిచేముందు ఈ ఇంట్లో పోయినవాళ్ళ పేర్లు చెప్పాలి. నేను తప్పు చెబితే మీరు దిద్దాలి. ఓబ్రెన్. ఆయన తండ్రి తనాసియె. ఆయన తండ్రి గవ్రిలో. ఆయన తండ్రి..."

"ప్రోకోపియె," అందించాడు విదోసవ్, అలవాటుగా. "ఆయన తండ్రి మక్సిమ్."

"ఆయన తండ్రి?"

"ఆయనే మొదటివాడు. ఈ ఇంటికి ఇల్లరికం వచ్చినవాడు."

ఆ ముక్క ఆయన నోట నేను వినడం అదే మొదలు. వాకిట్లోవాళ్ళు తలలెత్తారు.

"ఆయన పేరేమిటి మామా?"

"దొమజెత్ అనేవారు."

"అది ఊరు పిలిచింది. వాళ్ళ నాన్న పెట్టిన పేరేమిటి? ఇంటిపేరేమిటి?"

విదోసవ్ గుమ్మం వైపు చూశాడు. అక్కణ్ణుంచి ఎవరూ ఏమీ అందించలేదు.

"తెలీదు," అన్నాడు చివరికి. "ఎవరికీ తెలీదు."

"ఈ పొలం దున్నాడు. ఈ కొవ్వొత్తి వెలిగించాడు. మీ అందరికీ మూలపురుషుడు. ఆయన పేరు ఒక్కటి దాచి ఉంచలేకపోయారు మామా. నా మనవలు కూడా నా గురించి తెలీదు అనకూడదనే పేరు మార్చుకోనన్నాను. ఇంకేం లేదు."

అని రొట్టె చేతుల్లోకి తీసుకుని, పటం వైపు తిరిగాడు. "ఈ గడపకి వచ్చి పేరు పోగొట్టుకున్న అల్లుడికి శాంతి కలుగుగాక," అన్నాడు. ఆ ప్రార్థన మా వంశంలో అంతకుముందు ఎవరూ చెయ్యలేదు.

నేను శాలువా కొంగు నోట్లో కుక్కుకున్నాను. విదోసవ్ పటం వైపు చూశాడు. టోపీ బల్ల మీద పెట్టాడు. ముందుకొచ్చి రెండు చేతులూ రొట్టె అడుగున పెట్టాడు.

"తిప్పవయ్యా, కచారెవిచ్," అన్నాడు. "బరువుగా ఉంది."