పానకాలరావు పెద్ద కార్బ్యురేటర్

పానకాలరావు అమెరికాలోని ట్రాయ్ ఊళ్లో కార్ల కంపెనీ ఇంజనీరు. ఏ ఇంజన్ ఎంత గాలి పీలుస్తుందో లెక్కగట్టడమే ఆయన ఉద్యోగం. 1984లో ఎనిమిది సిలిండర్ల పదిహేనేళ్ల పాత వి-ఎయిట్ కారు కొన్నాక మాత్రం ఆ లెక్కను ఆఫీసులోనే వదిలేశాడు. నిమిషానికి ఆరు వందల ఘనపుటడుగుల గాలిని పెట్రోలుతో కలిపి ఇంజన్‌కిచ్చే కార్బ్యురేటర్ చాలని మెకానిక్ షాపతను చెప్పినా వినకుండా, రేసుకార్లకు వాడే ఎనిమిది వందల యాభైది బిగించాడు. చిన్నది పెట్టుకుని నలుగురిలో తలెత్తుకోవడం ఎలా?

కారు ప్రతి రెడ్ లైట్ దగ్గరా దగ్గి ఆగిపోయేది. గుడికి వెళ్తే భార్య విమల పట్టుచీర పెట్రోలు కంపు కొట్టేది.

"దాని నోటికి మించిన ముద్ద పెట్టారండీ. ఆ చిన్నది ట్రై చేయొచ్చుగా," అంది విమల.

"ఇది పులిహోర కాదు. నీకేం తెలుసు?" అన్నాడు.

ఆయన కాన్ఫరెన్సుకని వారం ఊరెళ్లగానే విమల షాపతన్ని పిలిపించి చిన్నది పెట్టించింది. అతను ఇంజన్ పీల్పును కొలిచే వాక్యూమ్ గేజ్ తగిలించి చూపిస్తే, ముల్లు నిలకడగా పైకి చేరేదాకా గాలీ పెట్రోలూ పాళ్లు సరిచేసే రెండు స్క్రూలూ తనే తిప్పింది.

తిరిగొచ్చిన పానకాలరావు ఒక్క సిగ్నల్ దగ్గర కూడా కారు దగ్గి ఆగిపోకుండా ఊరంతా తిరిగాడు. ఇంటికొచ్చి ఇంజన్ మీది హుడ్ ఎత్తి చూశాడు. చిన్నది కనబడగానే దించేశాడు.

ఆదివారం గుడి పార్కింగ్‌లో స్నేహితులు చుట్టూ చేరారు.

"ఎనిమిది వందల యాభైది రోడ్డు మీద నడవదన్నారుగా? అంతా నా ట్యూనింగ్‌లో ఉందండీ," అన్నాడు పానకాలరావు. హుడ్ తెరవమంటే ఇంజన్ వేడిగా ఉందన్నాడు.

"నిజమేనండీ," అంది విమల. "ఈయన ఊళ్లో లేకపోతే ఇంకా బాగా నడుస్తుంది."