పిండి మీద ఒకే ఒక్క అడుగు

టీచర్ల శిక్షణలో ప్రతి బడికీ ఒక పెట్టె ఇచ్చారు. అందులో మెత్తని కుంచె, నల్లపొడి డబ్బా, భూతద్దాలు, ఒక పుస్తకం ఉన్నాయి. నేరాలను శాస్త్రీయంగా ఎలా శోధిస్తారో ప్రాథమిక పాఠశాల పిల్లలకు ఆటలా నేర్పమన్నారు. పుస్తకంలో కథ ఒక బిస్కెట్ల జాడీ గురించి. ఎవరో దాన్ని ఖాళీ చేస్తారు, పిల్లలు ఆధారాలు వెతికి దొంగను పట్టుకుంటారు. మా బడిలో జాడీ లేదు. మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఉంది. అందుకని పోయింది గుడ్డు అని మార్చాను.

"మన వంటగదిలో ఎవరో ఒక గుడ్డు దొంగిలించారు. ఎవరో కనుక్కోవాలి" అన్నాను.

వెనక వరసలో ఒకడు వెంటనే లేచాడు. "నేను తిన్లే సార్."

"నువ్వు తిన్నావని ఎవరన్నారు?"

"ముందుగాలనే చెప్తున్న. ఎప్పుడైనా నా మీదికే వస్తది."

"వాడే తిన్నడు సార్! మొన్న నా రబ్బరు గూడ వాడే తీసిండు."

"నీ రబ్బరు ఎవనికి గావాల్రా, కొరికి కొరికి పెట్టినవ్!"

ఆధారం దొరకకుండా ఎవరి పేరూ చెప్పకూడదన్నాను. అరిచి చెప్పాను. చివరికి, అసలు ఏ గుడ్డూ పోలేదని, ఊహించుకోమంటున్నానని చెప్పాల్సి వచ్చింది. అయిదో తరగతి అమ్మాయి ఒకతి చెయ్యెత్తింది. "లేని గుడ్డుకు గింత లొల్లి ఎందుకు సార్?"

మాది కరీంనగర్ వైపు నేతపనివాళ్ల ఊరు. మరమగ్గాలను ఇక్కడ సాంచాలంటారు. వాటి చప్పుడు బడిలోకి వినిపిస్తూనే ఉంటుంది, దాన్ని మించి అరిస్తేనే పాఠం. మగవాళ్లు సాంచాల మీద పనిచేస్తారు, ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని బీడీలు చుడతారు. వేలిముద్రల పాఠానికి ఇంట్లోవాళ్ల ముద్రలు తెమ్మంటే సగం కాగితాల మీద గీతల్లేని నల్లటి మచ్చలొచ్చాయి. సరిగా ఒత్తించలేదని పిల్లల్ని కోప్పడ్డాను. మళ్లీ అదే అమ్మాయి లేచింది. అమ్మను ఇక్కడ అవ్వ అంటారు.

"బీడీలు చేసి చేసి మా అవ్వ ఏళ్లు నున్నగైనయి సార్. రేషన్ దుకాణంల మిషన్ గూడ తీస్కోదు."

నల్లపొడి కూడా ఆ వారమే అయిపోయింది. మళ్లీ పంపమని అడిగితే, ముందు పిల్లలు దొంగను పట్టుకుంటున్న ఫొటోలు పంపమన్నారు.

మిగిలింది అడుగుజాడల పాఠం. నేలమీద పిండి చల్లి దాని మీద నడిపించమని పుస్తకంలో ఉంది. ఇంటి నుంచి బియ్యప్పిండి తెచ్చి తరగతి గదిలో నేల మీద పలచగా పరిచాను. పిల్లలు వచ్చారు, గడప దగ్గర ఆగిపోయారు. ఎంత పిలిచినా ఒక్కరూ లోపలికి రాలేదు.

"ఎవరు సచ్చిపోయిన్రు సార్?" అన్నాడు గుడ్డు తినని పిల్లవాడు.

మా వైపు మనిషి పోయాక, పోయిన చోట పిండి చల్లి, దీపం పెట్టి, తలుపు దగ్గరికి వేస్తారు. తెల్లారి ఆ పిండి మీద ఏ జీవి గుర్తు పడితే ఆ జన్మ ఎత్తినట్టు. ఇది నాకు తెలియనిదేం కాదు. పోయినేడు నా భార్య పోయినప్పుడు మా ఇంట్లోనూ చల్లారు. అయినా, అరచేత్తో పిండి సర్దుతున్నంతసేపూ నాకు తట్టలేదు.

వంటామె గరిటెతో సహా వచ్చింది. "ఏంది సారూ గిది? బడిల పిండి చల్లుతరా? పుస్తకాలు సదివి సదివి మీకేమన్న అయిందా?"

ఊడ్చేశాను. ప్రహరీగోడ కోసం పోసిన ఇసుక ఉంటే దాని మీదికి తీసుకెళ్లాను. అక్కడ మాత్రం పిల్లలు బాగా నడిచారు, ఉరికారు, దూకారు. నడిచిన మనిషి అడుగు ఒంటరిగా ఉండదని, ముందొకటి వెనకొకటి ఉంటుందని వాళ్లే చెప్పారు. దూకితే ఇసుక చెదురుతుందని కూడా వాళ్లే కనిపెట్టారు. ఆ పెట్టె వచ్చాక సవ్యంగా జరిగిన పాఠం అదొక్కటే.

మర్నాడు భోజనాల వేళ ఆ అయిదో తరగతి అమ్మాయి వాళ్లమ్మ ఫోను పట్టుకొని నా బల్ల దగ్గరికి వచ్చింది. వాళ్ల నాన్న సాంచాల మీద పనిచేసేవాడు. ఎండాకాలంలో పోయాడు.

"మా బాపుది సార్" అని ఒక ఫొటో చూపింది.

తెల్లటి పిండి. అంచున ప్రమిద. నడుమ ఒక గుర్తు: నాలుగు చిన్న గుంటలు, వాటి కింద ఒక పెద్ద గుంట. పిల్లి అడుగన్నారట అందరూ. ఆ వారంలోనే వెనక గోడ మీంచి ఒక గోధుమరంగు పిల్లి రావడం మొదలుపెట్టింది. నాయనమ్మ దానికి రోజూ పాలు పోస్తుంది. ఈ పిల్ల బడి నుంచి వెళ్లి దానికి ముచ్చట్లు చెబుతుంది. ఇప్పుడు మేనమామ శ్రీరాంపూర్‌లో ఒక హాస్టల్‌లో వాళ్లమ్మకు వంటపని చూశాడు. పరీక్షలు కాగానే అమ్మ, నాయనమ్మ, తను ముగ్గురూ వెళ్లిపోవాలి. పిల్లిని తీసుకెళ్లేది లేదంటుంది అమ్మ. పిల్లి రాకపోతే తను బస్సెక్కనంటుంది ఈమె.

"గది మా బాపేనని మీరు చెప్తే అవ్వ ఇంటది సార్. మీ దగ్గర పెట్టె ఉన్నది గదా."

"ఆ పెట్టె ఇలాంటివాటికి కాదమ్మా."

"మరి దేనికి సార్? లేని గుడ్డుకా?"

ఆ పెట్టె తయారుచేసినవాళ్ల మీద, శిక్షణ ఇచ్చినవాళ్ల మీద, మేనమామ తీసిన ఆ ఫొటో మీద కూడా నాకు విసుగొచ్చింది. చూడగానే నాకు విషయం తెలిసిపోయింది. చెప్పడం నావల్ల కాలేదు. ఫోను తిరిగి ఆమె చేతిలో పెట్టి, మొన్న ఇసుకలో చూసినట్టు నువ్వే చూడు అన్నాను.

ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూసింది.

"ఒక్కటే ఉన్నది సార్. వచ్చిన అడుగు లేదు, పోయిన అడుగు లేదు."

"దూకిందేమో."

"దుంకితే పిండి చెదురుతుండె. గిది మెల్లగ ఒత్తినట్టున్నది."

పిల్లి తరఫున చెప్పడానికి నా దగ్గర ఇంకేమీ లేదు. నా బల్ల మీద ఎప్పుడూ సుద్దపొడి ఉంటుంది. ఆ పిల్ల నాలుగు వేళ్ల కొసలు దగ్గరికి చేసి పొడిలో అద్దింది. వాటి కింద బొటనవేలు పెట్టి ఒత్తింది. చెయ్యి తీసి బల్లను చూసింది, ఫోను చూసింది.

"పొద్దుగాల తలుపు తీసింది నాయనమ్మ" అంది. తర్వాత బల్లను అరచేత్తో తుడిచేసింది.

సాంచాలు కొట్టుకుంటూనే ఉన్నాయి. బయట ఎవరో ఎవరి పళ్లెమో తన్నారు, లొల్లి మొదలైంది. నేను లేవలేదు.

"ఎందుకేసింది సార్?"

పుస్తకంలో ఆ పాఠం లేదు. నువ్వే చెప్పు అన్నాను.

కొంచెం ఆలోచించింది. "నేను గప్పుడు అన్నం తింటలేను. పిల్లి వచ్చినంక తిన్న."

"ఇంట్లో చెప్తావా?"

"చెప్పను. నాయనమ్మ పరేషాన్ అయితది." ఫోను లంగా జేబులో పెట్టుకుంది. "పిల్లిని గూడ తీస్కపోవాలె సార్. ఇడిసిపెట్టిపోతే నాకు తెల్సిపోయిందని నాయనమ్మకు తెలుస్తది."

తరగతి మొత్తానికి నేను నెలలకొద్దీ అరిచి చెప్పిన పాఠం ఒక్కరికి వచ్చింది. వచ్చినందుకు ఫలితం, ఒక పిల్లి శ్రీరాంపూర్ ప్రయాణం.

మా ఇంట్లో చల్లిన పిండి మీద ఏ గుర్తూ పడలేదు. చల్లింది చల్లినట్టే ఉంది. మంచిదే, ఇంక జన్మ లేదన్నారు బంధువులు. ఆ ఉదయం మా ఇంట్లో ముందుగా తలుపు తీసింది నేను. పిండి మీద వేలు పెట్టలేదు.

పరీక్షలయ్యాక వాళ్లు బయల్దేరిన రోజు బస్టాండుకు వెళ్లాను. సంచులు, మూటలు, వాటి నడుమ పాత చీర కప్పి తాడుతో కట్టిన ఒక గంప. గంప అరుస్తోంది. వాళ్లమ్మ నన్ను చూడగానే మొదలుపెట్టింది.

"మీరన్న చెప్పున్రి సారూ. పిల్లిని బస్సుల తీస్కపోతరా ఎవరన్న? నవ్వుతరు గదా. పిల్ల మొండిది, దానికి మా అత్త వంత."

"పోనీయండమ్మా" అన్నాను. అంతకంటే ఆధారాలతో చెప్పగలిగిందేమీ లేదు.

కండక్టరమ్మ వచ్చి గంప మీద చెయ్యి వేసింది. "గీ గంపల ఏందవ్వా, గట్ల ఒర్రుతుంది?"

"మావోడే బిడ్డా, ఏమనడు" అంది ముసలామె.

"మీవోడైతే మరి టికెట్ తియ్యి."

"టికెట్ ఎందుకు? నా ఒళ్లె కూసుంటడు" అంది మనవరాలు. గంపను రెండు చేతులతో ఎత్తుకొని, నావైపు చూడకుండా బస్సెక్కింది.