దర్వాజతో గద్వాల నుంచి తెలకపల్లి దాకా

మా ఇంట్లో ముగ్గురం. ఆ ముగ్గురిలో అమ్మాయి హాస్టల్లో ఉండి చదువుకుంటుంది. అందుకని మా ఆయన ప్రభుదాస్ ఏడు సీట్ల బండి కొన్నాడు. "చుట్టాలొస్తే ఏంజేస్తవ్?" అన్నది ఆయన వాదన. చుట్టాలు వచ్చారు. చెప్పులు విప్పి ఎక్కమనేసరికి బండిని బయటి నుంచే మెచ్చుకుని బస్సులో వెళ్ళిపోయారు.

ఆయనకు నాగర్‌కర్నూల్లో ఎరువుల దుకాణం ఉంది. దుకాణం ముందు సామాను మోసే ట్రాలీ ఆటోలు వరుసగా నిలబడి ఉంటాయి. ఒక కేక వేస్తే ఏదో ఒకటి కదిలి వస్తుంది. అలాంటి మనిషి, మా చెల్లెలు రూతమ్మ కొత్త ఇంటికి గద్వాల నుంచి దర్వాజ తేవాలన్న మాట రాగానే, బంధువులందరి ముందూ "ఇంత పెద్ద బండి ఇంట్ల వెట్టుకొని ఆటో ఎందుకు? నేనే తెస్త" అన్నాడు. మా వైపు దర్వాజ అంటే తలుపు రెక్కలు కాదు, వాటిని పట్టి ఉంచే చెక్క చట్రం. రెండు నిలువు కమ్మీలు, పైన ఒక అడ్డం, కింద గడప. ముందు కొలత తీసుకుందామని నేనన్నాను. "ఏడుగురు పట్టే బండ్ల ఒక్క దర్వాజ పట్టదా?" అన్నాడు. ఇంత బలమైన లెక్క ముందు టేపు తీయడం మర్యాద కాదని ఊరుకున్నాను.

దర్వాజకు ఆ రోజే ఎందుకు తొందర అంటే, రూతమ్మ భర్త దానియేలు తాపీమేస్త్రీ. పెళ్ళైన నాటి నుంచీ పూణెలో ఎవరెవరి ఇళ్ళో కడుతున్నాడు. అపార్టుమెంట్లకు ఎన్ని దర్వాజలు నిలబెట్టాడో ఆయనకే లెక్క తెలియదు. తెలకపల్లి పక్క పల్లెలో సొంత ఇంటికి పునాది వేసి, బేస్‌మెంటు లేపేసరికి సెలవులు అయిపోయాయి. తెల్లవారితే మళ్ళీ పూణె బస్సు. వెళ్ళేలోగా దర్వాజ ఒక్కటైనా తన చేత్తో నిలబెట్టుకోవాలని ఆయన పట్టుదల. ప్రార్థన చేయడానికి ఉప్పునుంతల నుంచి పాస్టరు అయ్యగారు సాయంత్రం నాలుగింటికి వస్తానన్నారు. ఆయనకు మళ్ళీ ఆరింటికి వేరే ఊళ్ళో ప్రార్థన కూడిక.

ఉదయం ఏడింటికి నాగర్‌కర్నూల్లో బయలుదేరాం. బిజినపల్లి మీదుగా వనపర్తి చేరి, బస్టాండు దగ్గర ఇడ్లీ, దోసె తిన్నాం. ఈ దారిలో వెళ్ళేవాళ్ళు ఇక్కడే తినడం మంచిది, చట్నీలో కారం నిద్రమత్తు వదిలిస్తుంది. ముందూ వెనకా పట్టేంత జాగా వెతుకుతూ మా ఆయన బండి నిలపడానికి ఇడ్లీ తిన్నదానికంటే ఎక్కువసేపు పట్టింది. పెబ్బేరు దగ్గర హైవే ఎక్కాం. బీచుపల్లి దగ్గర కృష్ణ మీద వంతెన దాటి, ఎర్రవల్లి చౌరస్తాలో కుడివైపు తిరిగి, పదిన్నర ప్రాంతంలో గద్వాల చేరాం. దారి పొడవునా పత్తి విరగబూసి ఉంది. మా ఆయన వెనక చూపే కెమెరా గురించి, మలుపుల్లో వెలిగే దీపాల గురించి చెప్పాడు. పత్తి గురించి ఏమీ చెప్పలేదు.

వడ్రంగి సోమాచారి దుకాణం ఊరి చివర. దానియేలుతో కలిసి పూణెలో పనిచేసి, నడుం నొప్పి వచ్చి తిరిగి వచ్చిన మనిషి. తోడు పనిచేసిన స్నేహానికి కూలి వద్దన్నాడు. దర్వాజ గోడకు ఆనించి ఉంది. టేకు కర్ర, పై అడ్డం మీద రెండు పావురాలు, మధ్యలో ద్రాక్షగుత్తి చెక్కాడు. చూడగానే నాకు కళ్ళు చెమర్చాయి. మా ఆయన కూడా కదిలిపోయాడు, కానీ వేరే కారణానికి. దర్వాజను చూసి బండిని చూశాడు. మళ్ళీ దర్వాజను చూశాడు.

"విడిగ ఉంటదనుకున్న. బిగిచ్చేసినవా ఏంది?" అన్నాడు.

"బిగియ్యకుంటే దర్వాజ ఎట్లయితది సారూ? కట్టెలంటరు దాన్ని" అన్నాడు సోమాచారి.

"జర విప్పుతవా?"

"మేకులు గాదు, చెక్క గూటాలు కొట్టిన. విప్పితే చీలుతది. మీద ఏసుకోండ్రి, కడ్డీలున్నయి గద."

బండి పైన వెండిరంగు కడ్డీలు రెండు ఉన్న మాట నిజం. అవి అందానికని, వాటి మీద గీత పడితే బండి రేటు పడిపోతుందని మా ఆయన వివరించాడు. సోమాచారి శ్రద్ధగా విని, "అంటే ఉత్తగనే పెట్టిండ్రా?" అన్నాడు.

చివరికి వెనక రెండు వరుసల సీట్లూ మడిచారు. పరుపు దుప్పట్లు పరిచారు. దర్వాజను పడుకోబెట్టి లోపలికి తోస్తే పావురాలు గేరు దాకా వచ్చాయి, గడప మాత్రం వెనక తలుపులోంచి మోచేయంత బయటికి నిలిచింది. వెనక తలుపు మూతపడదు. దాన్ని పైకి లేపి, దానితో పాటు దర్వాజనూ తాడుతో కట్టారు. ఒక కమ్మీ నా సీటు మీదుగా వచ్చింది కాబట్టి నాకు చోటు లేకుండా పోయింది. నేను వెనకకు వెళ్ళి చట్రం మధ్యలో, రెండు కమ్మీల నడుమ, కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను. చెల్లెలి ఇంట్లో అందరికంటే ముందు గృహప్రవేశం చేసినదాన్ని నేనేనని ధైర్యం చెప్పుకున్నాను.

పన్నెండు దాటాక కదిలాం. వెనక తలుపు తెరిచి ఉండడంతో గద్వాల దుమ్ములో సగం మాతోనే వచ్చింది. ఎర్రవల్లి చౌరస్తాలో కానిస్టేబుల్ చెయ్యెత్తి ఆపాడు.

"ఏందిది? దర్వాజల మనిషిని పెట్టి యాడికి తీస్కపోతున్నవ్?"

"మా మరదలు ఇంటికి సార్" అన్నాడు మా ఆయన.

"ఈమె?"

"మా ఇంటామె."

కానిస్టేబుల్ నా వైపు జాలిగా చూశాడు. బయటికి వచ్చిన సామానుకు ఎర్రగుడ్డ కట్టాలన్నాడు. రూతమ్మకు పెట్టడానికి తెచ్చిన చీరతో పాటు ఎర్ర జాకెట్టు ముక్క ఉంటే, అది తీసి గడపకు కట్టాను. "ఇగ పోండ్రి. మెల్లగ" అన్నాడు. మెల్లగా తప్ప వెళ్ళే స్థితిలో మేము లేము.

పెబ్బేరు దగ్గర టీ కోసం ఆగాం. బస్సు కోసం కూర్చున్న ఒక ముసలాయన లేచి వచ్చి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, మా ఆయనను అడిగాడు. "కొత్తకోటకు కిరాయి ఎంత తీసుకుంటవ్ బిడ్డా? రెండు మేకలున్నయి."

"గిది కిరాయి బండి గాదు తాతా. సొంతం బండి."

"మరి సామాన్లేసినవ్?"

"మా చుట్టాలది."

"గట్లనా. నీకు కిరాయిలు దొరుకుతలేవేమో అనుకున్న" అని ఆయన ఓదార్పుగా చెప్పి వెళ్ళాడు. మా ఆయన టీ పూర్తిగా తాగలేదు.

వనపర్తి వచ్చేసరికి రెండయింది. భోజనానికి ఆగే సమయం లేదు. రెండు అరటిపళ్ళు కొని, ఒకటి కమ్మీల మధ్యలోంచి నాకు అందించాడు. ఊరు దాటి బిజినపల్లి దారి పట్టాక, ఒక పల్లె మొదట్లో రంగు వేయని స్పీడ్ బ్రేకర్ మీద బండి ఎగిరింది. తాడు తెగిన చప్పుడు వినిపించింది. దర్వాజ నా చుట్టూ నుంచి జర్రున వెనక్కి జారింది. నేను రెండు చేతులా పై అడ్డం పట్టుకుని అరిచాను. బండి ఆగేసరికి దర్వాజ సగం బయట వేలాడుతోంది. గడప ఒక మూల రోడ్డుకు తగిలి, ఇంత చెక్క లేచిపోయింది.

దిగి చూశాం. లేచిపోయిన చెక్క ముక్కను ఏరి నా కొంగులో కట్టుకున్నాను, ఎందుకో నాకే తెలియదు. "ఆటో పిలిస్తే అయిపోతుండె. నీ బండి గొప్ప చూపిచ్చుకోనీకి వాళ్ళ ఇల్లే దొరికిందా?" అన్నాను. ఆయన వంగి, గడప మూలకు అంటిన దుమ్మును చేత్తో తుడిచాడు. పెళ్ళైనప్పటి నుంచి నాతో వాదించకపోవడం అదే మొదటిసారి. దాంతో నా కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

అప్పుడే ఫోను మోగింది. దానియేలు. మా ఆయన స్పీకరు పెట్టాడు.

"అన్నా, యాడిదాక వచ్చిండ్రు? మాలు కలపాల్నా? సిమెంటు గట్టివడ్తదని కలుపకుంట కూసున్న."

మా ఆయన చెక్క లేచిన మూల వైపు చూస్తూ, "కలుపు దానియేలూ. వస్తున్నం" అన్నాడు.

ఫోను జేబులో పెట్టుకుని, పరుపు దుప్పట్లు లాగి బండి పైకప్పు మీదికి విసిరాడు. తర్వాత చెప్పులతోనే, ఎవరినీ చెప్పులతో లోపలికి కూడా రానివ్వని ఆ మనిషి, ముందు బానెట్ మీద కాలు పెట్టి పైకి ఎక్కాడు. బానెట్ లొత్తపడిన చప్పుడు నాకు వినిపించింది. ఆయనకు వినిపించనట్టే ఉన్నాడు.

టేకు దర్వాజ ఇద్దరితో లేచేది కాదు. పక్క చేనులో పత్తి ఏరుతున్న ఆడవాళ్ళను పిలిచాను. నలుగురైదుగురు నడుముకు కట్టిన పత్తి వొడులతోనే వచ్చారు.

"ఇంత పెద్ద బండి, ఒక దర్వాజకు జాగ లేదా?" అంది ఒకామె.

"జాగ ఉంది గని అక్కా, అది మా ఆయన కోసం" అన్నాను.

అందరూ నవ్వారు. పైనున్న మా ఆయన కూడా నవ్వాడు. "ఎత్తుండ్రి, ఎత్తుండ్రి" అంటూ భుజాలు పట్టారు. దర్వాజ కడ్డీలను గీసుకుంటూ పైకి చేరింది. ఆ గీత పొడవునా వెండిరంగు లేచి నల్లగా కనిపించింది. చేనులో దొరికిన తాళ్ళన్నీ బిగించి కట్టారు. ఇందాక మాట్లాడినామె చట్రం మీది పావురాలను చేత్తో తడిమి, "ఎవరింటికి చెల్లె?" అని అడిగింది. పూణెలో పనిచేసుకునే చెల్లెలి ఇంటికన్నాను. "పూణె పోయి కట్టుకుంటున్నరా? మావోళ్ళు గూడ బొంబాయిలనే ఉన్నరు" అని, వొడిలోంచి గుప్పెడు పత్తి తీసి, చెక్క రేగిన మూలకు తాడు కోసుకోకుండా అడ్డుపెట్టింది.

నాలుగున్నరకు ఊరు చేరాం. పైన దర్వాజ, వెనక ఎర్ర జాకెట్టు ముక్క, అద్దాల మీద దుమ్ము. పిల్లలు పెళ్ళి బండి అనుకుని ఎదురు వచ్చారు. అయ్యగారు మోటారు సైకిలు మీదే కూర్చుని గడియారం చూసుకుంటున్నారు. దానియేలు గడప మూలను చూశాడు. మా ఆయన నోరు తెరవబోయేలోగా, "కింది దిక్కు గద అన్నా, మాలుల పోతది. నువ్వు పరేషాన్ గాకు" అన్నాడు. ఆ మాట అబద్ధమని నాకూ తెలుసు, చెప్పినవాడికీ తెలుసు. అది పైకి కనిపించే మూలే.

బేస్‌మెంటు మీద ఇంకా ఒక్క ఇటుక లేవలేదు. నలుగురు పట్టి దర్వాజను నిలబెట్టారు. దానియేలు దారానికి కట్టిన తూకం గుండు వేలాడదీసి, ఒక కన్ను మూసుకుని చూశాడు. జరిపాడు. మళ్ళీ చూశాడు. మళ్ళీ జరిపాడు. అయ్యగారు దగ్గారు. "ఆగుండ్రి అయ్యగారూ, ఇది మంది ఇంటిది గాదు, నాది" అన్నాడు దానియేలు, తల తిప్పకుండానే. ఆయనకు తృప్తి కలిగాక ఊతకర్రలు పెట్టి, కింద మాలు పోశారు. ప్రార్థన క్లుప్తంగా అయింది. రూతమ్మ చీర మార్చుకుని వచ్చింది. అటూ ఇటూ గోడల్లేవు, ఎటు నుంచైనా లోపలికి రావచ్చు. అయినా వచ్చినవాళ్ళంతా వరుసలో నిలబడి, తల వంచి, దర్వాజలోంచే దాటారు. అయ్యగారు కూడా.

పచ్చిపులుసు, అన్నం తిని బాగా చీకటి పడ్డాక బయలుదేరాం. ఈ దారిలో వెళ్ళాలనుకునేవాళ్ళకు నా సలహా ఒక్కటే. రోడ్డు బాగుంది, వనపర్తి ఇడ్లీ బాగుంది, కృష్ణ మీద గాలి బాగుంది. సామానుంటే ట్రాలీ ఆటో మాట్లాడుకోండి. మాకు బండి రిపేరుకు అయ్యేది చెబితే మీరు దర్వాజలు కట్టించుకోవడమే మానేస్తారు.

తెలకపల్లి దాటి నాగర్‌కర్నూలు దీపాలు కనిపిస్తుండగా రూతమ్మ ఫోను చేసింది.

"అక్కా, ఇల్లు చేరిండ్రా?"

"చేరుతున్నం. పొద్దుగాల బస్సు కదా, పండుకోలేదా?"

"ఇంకా లేదు. దర్వాజ ముందల కూసున్నం ఇద్దరం."

"గడప మీద కూసుంటే అరిష్టం అంటరు, చూసుకో."

"గడప మీద కూసోనిస్తలేడు అక్కా" అంది రూతమ్మ. "సిమెంటు పచ్చిగుందంట. పూణెల ఓనర్లను గిట్లనే కసురుకుంటడంట. నన్ను గూడ ఓనరు లెక్క కసురుకుంటుండు."