మడుగు లోతు నా నడుం దాకా

పోయిన మంగళవారం మున్సిపాలిటీ వాళ్ళందరి ముందర నన్ను ఒక బర్రె కాపాడింది! నవ్వండి, నవ్వండి. నవ్వడం అయినాకనే చెప్తా.

మా ఊరి చివర చెరువు అలుగు కింద తుంగ మడుగు ఉంది. ఆడ వాకింగ్ ట్రాక్ వెయ్యాలని కౌన్సిల్ అనుకునింది. నాకు భలే సంతోషం. మా ఇంటామె సుబ్బమ్మకు షుగరు. రోజూ గంట నడవమన్నాడు డాక్టరు. రోడ్డు మీద నడుస్తుంటే ఒక లారీ కొంగు తాకేంత దగ్గరగా పోయింది. ఆ భయంతో ఇల్లు కదలడం మానేసింది. షుగరేమో ఎక్కుతానే ఉంది.

ఇప్పుడు తగాదా ఏందంటే, ట్రాక్ మడుగు మధ్యలో నేరుగా పోవాల్నా, కట్ట మీదుగా చుట్టూ పోవాల్నా? నేరుగా అయితే పని తొందరగా అయిపోతుంది. నేరుగానే వెయ్యమని రాత్రి బడిలో నేర్చిన అక్షరాలతో రెండు పేజీల అర్జీ రాసిచ్చినా. మా వార్డు కౌన్సిలర్ రమాదేవి ఒప్పుకోలే.

"మామా, మడుగు పూడిస్తే ఎండాకాలం మన వీధి బోర్లన్నీ ఎండిపోతాయి. కొంగలు కూడా వాలవు."

"కొంగలు ముఖ్యమా, మీ అత్త ముఖ్యమా?"

మంగళవారం పొద్దున కౌన్సిలర్లంతా మడుగు చూడ్డానికి వచ్చినారు. సుబ్బమ్మను కూడా నేను ఆటోలో తీసుకుపోయినా. మధ్యాహ్నం మీటింగులో తేల్చేస్తారంట. "ఇక్కడ నేల మెత్తన, పెద్దాయనా" అన్నాడు ఇంజనీరు. నాకు రోషం వచ్చింది. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో ముప్పై ఏండ్లు చేసినోణ్ణి! ఆ మడుగులో పారబోసిన పలక ముక్కల్లో సగం నా చేతుల మీదుగా పోయినవే.

"సార్, అడుగున అంతా మా పలకే. సిమెంటు రోడ్డు కన్నా గట్టి."

పక్కన బర్రెలు మేపుకుంటున్న ఎల్లమ్మ కిసుక్కున నవ్వింది. "మా బర్రెలే ఆ పక్క కాలు పెట్టవు మామా."

"బర్రెలకేం తెలుసే పలక సంగతి?"

చెప్పులు విడిచి, పంచె ఎగగట్టి నడిచినా. మూడు అడుగులు గట్టిగానే ఉంది. వెనక్కి తిరిగి "చూసినారా!" అన్నా. నాలుగో అడుగుకు కింద పలకలు సర్రున జారినాయి. మోకాలి దాకా పోయినా. ఆ కాలు లాగబోతే రెండోది కూడా దిగింది.

"ఏమయ్యా, బయటికి రా!" గట్టు మీద నుంచి సుబ్బమ్మ అరుపు.

"వస్తాలేవే, ఏంది తొందర?" అంటూ ఇంకో జానెడు దిగినా.

ఇంజనీరు కొలత టేపు విసిరినాడు. పట్టుకొని లాగితే పుటుక్కుమనింది, నేను నడుం దాకా దిగినా. చివరికి ఎల్లమ్మ పలుపుతాడు విసిరి, "చంకల కింద కట్టుకో మామా, గింజుకోవద్దు" అనింది. రెండో కొస బర్రె మెడకు కట్టి అదిలించింది. బర్రె నాలుగు అడుగులు వేసేసరికి నేను ముల్లంగి మాదిరి ఊడి వచ్చినా. పంచె మాత్రం మడుగులోనే ఉండిపోయింది. లోపల నిక్కరు ఉండబట్టి సరిపోయింది!

అంతటితో అయిందా? ఇంజనీరు తెగిన టేపు పట్టుకొని వచ్చినాడు. "పెద్దాయనా, బురద తుడుచుకోవద్దు, ఒక్క నిమిషం" అని నా కాలి నుంచి నడుం దాకా కొలిచి, మడుగు లోతు రాసుకున్నాడు.

మధ్యాహ్నం తీర్మానం అయింది. ట్రాక్ కట్ట మీదుగానే. మడుగులో పలక ముక్కలు గానీ, ఇంకేమైనా గానీ ఎవ్వరూ పొయ్యకూడదు. నేను మొహం మాడ్చుకొని కూర్చుంటే సుబ్బమ్మ అనింది: "చుట్టూ అయితే ఏంది? డాక్టరు నడవమన్నాడు గానీ, తొందరగా ఇల్లు చేరమన్నాడా?"

నిన్న కట్ట మీద సున్నం గీత వేసినారు. ఆమె అప్పుడే దాని వెంబడి ఒక చుట్టు తిరిగొచ్చింది. మడుగులో కొంగలు కూడా చూసిందంట.

ఇంతకీ తీర్మానం ఏకగ్రీవం. ఎప్పుడూ కొట్లాడుకునే కౌన్సిలర్లందరినీ ఒక్క మాట మీదికి తెచ్చింది నేనే. కాకపోతే ఆ మాట నాది కాదు!