పేర్లు వెతికిన టీచరమ్మ

"పై అంతస్తు టీచర్ మేడమ్ మాఫీ" అన్నాడు వాచ్‌మన్, లిఫ్ట్ దగ్గర నన్ను ఆపి. లేదు, అయిపోయింది అనడానికి ఖతర్‌లో అందరం వాడే మాట అది. నీళ్లు రాకపోయినా మాఫీయే, మనిషి పోయినా మాఫీయే. పొద్దున బడికి తయారవుతూ ఉండగానే గుండె ఆగిందట. ఆవిడకిష్టమని కొన్న కరివేపాకు నా సంచిలోనే ఉంది.

అల్ ముంతజా పేటలో మేముండే బిల్డింగులో మా పై ఇల్లే ఆవిడది. పుట్టింది ఆస్ట్రేలియాలో. ముత్తవ్వ మాత్రం ఐర్లండ్ నుంచి వచ్చింది. ఏ ఊరో ఎవరికీ తెలియదు. నాయనమ్మ నోట విన్న "నాకదారా" అన్న ఒక్క మాట మిగిలింది. దాన్ని పట్టుకుని ఏళ్ల తరబడి వెతికారు.

"నాక్ అంటే గుట్ట. దారా అంటే ఓక్ చెట్టు. ఇంగ్లీషువాళ్లు చెవికి తోచినట్టు రాసుకుపోయారు, అందుకే పటంలో ఓ పట్టాన దొరకదు" అనేవారు. మా ఇంటిపేరు మా తాతలు వదిలి వచ్చిన ఊరి పేరేనని చెబితే, "మీవాళ్లు ఊరిని వెంట తెచ్చుకున్నారు. మావాళ్లకు ఆ తెలివి లేకపోయింది" అని నవ్వారు.

వాళ్లలో మొదటి ఆడపిల్లకు అమ్మమ్మ పేరు పెడతారట. మేమూ మా పెద్దపాపకు మా అమ్మమ్మ మల్లవ్వ పేరు మీద మల్లిక అని పెట్టుకున్నాం. నెల తిరక్కముందే పాప పోయింది. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఆ పేరు ఎత్తలేదు. మా ఆయన మెసయీద్ ఫ్యాక్టరీలో డ్యూటీ చేసి వచ్చి, గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసి, "మర్శిపో బిడ్డా, అది మనది గాదు" అనేది. టీచర్ గారొక్కరే వచ్చి నా పక్కన కూర్చుని, "పాప పేరేమిటి?" అని అడిగారు. చెప్పాను. "మల్లిక" అని మెల్లగా పలికి చూసుకున్నారు. అప్పటిదాకా గడ్డకట్టుకుపోయి ఉన్నదాన్ని, ఆ పిలుపుకి ఏడ్చాను.

రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు అమ్మ, "ఈసారి పెంటమ్మ అని పెట్టుండ్రి. మీ నాయినకు గట్ల పెడ్తెనే దక్కిండు. దుబాయ్‌ల ఉంటేంది, దిష్టికి దూరమా" అంది. గల్ఫ్‌లో ఎక్కడున్నా అమ్మకు దుబాయే. మా నాన్న పేరు పెంటయ్య. ఆయనకు ముందు పుట్టినవాళ్లెవరూ దక్కలేదు.

ఆ మాట టీచర్ గారికి చెప్పాను. "మావాళ్లు పోయిన బిడ్డ పేరునే తర్వాతి బిడ్డకు పెట్టేవారు. అమ్మమ్మ పేరు తెగిపోకూడదని. మా ముత్తవ్వ, 'నా పేరు నాది కాదు, మా అక్కది' అనేదట" అన్నారు.

ఆ మాటే ఆవిడకు దారి చూపింది. ఓక్ చెట్ల గుట్టలు ఐర్లండ్‌లో చాలా ఉన్నా, పాత చర్చి రిజిస్టర్లలో చూస్తే ఒకే ఒక్క గుట్ట కింద ముత్తవ్వ ఇంటిపేరువాళ్లకు ఒకే పేరుతో ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. మొదటిది పసిగుడ్డుగానే పోయింది. రెండోది ఆవిడ ముత్తవ్వ.

నేను మాత్రం రెండో బిడ్డకు ఆ పేరు మళ్లీ పెట్టలేకపోయాను. ఆవిడ తప్పుపట్టలేదు. "అయితే అది మల్లికకే ఉండనీ. మనం పిలుస్తూ ఉందాం" అన్నారు. అన్నట్టే శుక్రవారాలు టీ తాగుతూ, "మల్లిక ఈపాటికి బడికి వచ్చేది కదా" అనేవారు. ఆ మాట అనేవాళ్లు ఇక లేరు.

ఈ సెలవుల్లో ఆ గుట్టకు వెళ్లడానికి టికెట్ కొనుక్కున్నారు. వెళ్లి ఏం చేస్తారని అడిగితే, "ముత్తవ్వను పేరు పెట్టి గట్టిగా పిలుస్తాను. అక్కడ ఆ పేరు వినపడి ఎంత కాలమైందో" అన్నారు. వెళ్లనే లేదు.

కూతురు ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. ఆవిడ ఉన్న పెట్టెను విమానంలో పంపేరోజు తోడుగా ఎయిర్‌పోర్టు కార్గోకు వెళ్లాను. బరువులెత్తేవాళ్లలో ఒకతను, నేను ఫోన్‌లో మా ఆయనతో తెలుగులో మాట్లాడటం విని దగ్గరికి వచ్చాడు.

"మీకు ఏమైతదక్కా ఆమె?"



"మా పెద్దబిడ్డను పేరు పెట్టి పిలిచేది, తమ్మీ" అన్నాను.

అతను వెనక్కి వెళ్లి, "ఆహిస్తా భాయ్, ఆహిస్తా" అని, మెల్లగా పొమ్మని తోటివాళ్లకు చెప్పి, పెట్టె మీద అరచెయ్యి ఆనించి ఉంచి, పక్కనే నడుస్తూ లోపలికి తీసుకుపోయాడు.