నాకంటే ముందు చదివిన మా వదిన

మా వదిన పోయిందన్న కబురు రంగూన్ శివారు మింగళాడోన్‌లో మా వీధి చివరి టీకొట్టు ఫోనుకి వచ్చింది. కొట్టు ఆవిడ గుమ్మం దాకా వచ్చి పిలిస్తే, దిద్దుతున్న పరీక్ష కాగితాలు చేతిలో పట్టుకునే వెళ్ళాను. అవతల అన్నయ్య. "అమ్మీ, మీ వదిన ఎల్లిపోనాది" అన్నాడు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. అక్కడికి కూడా నాకంటే ముందే వెళ్ళిందే అనుకున్నాను. చదివేవాళ్ళు నాది రాతిగుండె అనుకుంటే అనుకోండి. ఇన్నేళ్ళూ ఆమె వెనకే నడిచినదానికి ఇంకేం తోస్తుంది?

పోయినవాళ్ళ గురించి అందరూ మంచే రాస్తారు. నేనూ మంచే రాస్తాను. ఆ మంచి నన్నెంత కాల్చిందో కూడా రాస్తాను, లేకపోతే ఆమె ఎవరో మీకు తెలియదు.

మేమిద్దరం గణితంలో ఎమ్మెస్సీ ఒకే బల్ల మీద కూర్చుని చదివాం. వాళ్ళవీ మావీ గంజాం నుంచి తాతల నాడు రంగం, అంటే రంగూన్, వచ్చిన కుటుంబాలే. మాది లత అనే పేటలో బజారు మీదికి తెరుచుకునే మేడ ఇల్లు. ఆమెది నది అవతల దలా. పొద్దున్నే ఫెర్రీ ఎక్కి, దిగి, బస్సు పట్టుకుని, చెప్పులకి బురదతో క్లాసులోకి వచ్చేది. నేను ముందురోజంతా బట్టీ పట్టి వచ్చిన లెక్కని, ఆమె జడ సర్దుకుంటూ ఒకసారి చూసి, "ఇదేటి ఇలా తిప్పినారు, ఇలాగొచ్చీవొచ్చు గదా" అనేది. నాకు ఒళ్ళు మండేది. మంట దాచుకుని, "ఎలా?" అని అడిగేదాన్ని. అడగక తప్పేది కాదు.

చదువు పూర్తయిన కొన్నాళ్ళకి యూనివర్సిటీకి తాళాలు పడ్డాయి. ఎప్పుడు తీస్తారో ఎవరూ చెప్పలేరు. అయిదుగురికి మించి ఒకచోట కూడితే ఎందుకు కూడారని అడిగే రోజులు. అందుకని మా సయాజీ, ఇక్కడ పెద్ద గురువుని అలాగే పిలుస్తాం, తన శిష్యుల్లో నలుగురినే ఏరుకుని చదివించారు: మా వదిన, నేను, ఇద్దరు బర్మా కుర్రాళ్ళు. ఆయన ఏనాడో పరాయిదేశం నుంచి తెచ్చుకున్న పుస్తకం ఒకటుండేది. యంత్రం దేన్ని లెక్కించగలదు, దేన్ని ఎంత కాలమిచ్చినా లెక్కించలేదు అనే విషయం మీద పరిశోధకుల కోసం రాసిన పుస్తకం. అందులో యంత్రం కాగితం మీదే ఉంటుంది కాబట్టి కరెంటు పోయినా మాకు ఇబ్బంది లేదు. ఊళ్ళో అలాంటిది అదొక్కటే ఉండేది. కొత్తది తెప్పించుకునే దారి లేదు.

ఒక పుస్తకం నలుగురు చదవడం ఎలా? ఆయన దాన్ని మా వీధిలో బైండింగు చేసే అతనికిచ్చి కుట్లు విప్పించేశారు. అధ్యాయానికొకటి చొప్పున పుస్తకం ఏడు ముక్కలైంది. ఒక్కో ముక్కకీ ఖాకీ కాగితం అట్ట వేశారు. చదివినవాళ్ళు ఆదివారం నాడు ఆ ముక్కని మూసి ఒళ్ళో పెట్టుకుని, చూడకుండా మిగతావాళ్ళకి వివరించాలి. వివరించగలిగితే తరవాతి ముక్క చేతికొస్తుంది, లేకపోతే ఇంకో వారం అదే ముక్క. ఎవరు ముందు మొదలుపెట్టాలో తేల్చడానికి సయాజీ ఒక ప్రశ్న అడిగారు. నేను నోరు తెరిచేలోపు ఆమె జవాబు చెప్పేసింది. ఆ రోజు నుంచి నాకు అందిన ప్రతి ముక్కా ఆమె చదివి వదిలినదే.

ఆ ఆదివారాలు మా ఇంట్లోనే జరిగేవి. టీ పళ్ళెం తెచ్చే మా అన్నయ్యకి అందులో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా కప్పులు ఖాళీ అయ్యాక కూడా తలుపు పట్టుకుని నిలబడేవాడు. మేం చెప్పుకునేది గణితమే, అన్నయ్య వింటున్నది మాత్రం ఆమె గొంతు అని నాకు తెలిసేసరికి ముహూర్తం పెట్టేశారు. నా స్నేహితురాలు మా ఇంటికొచ్చి నా గది తీసుకుంది, నా అన్నని తీసుకుంది, చివరికి మా అమ్మని కూడా తీసుకుంది. "నా కోడలు ఏటి సేసినా ఓ ఒద్దిక ఉంటాది" అని అమ్మ నా ఎదుటే అనేది. ఆడపడుచు అర్ధమొగుడంటారు. మా ఇంట్లో నాకు ఆ సగం పెత్తనమూ దక్కలేదు.

ఒక్కటి మాత్రం నాకు దక్కింది. యూనివర్సిటీ మళ్ళీ తెరిచినప్పుడు నాకు ట్యూటరు ఉద్యోగం వచ్చింది. ఆమెకి రాలేదు. మా నాన్న పౌరసత్వం కాగితాలు తెచ్చుకున్నాడు. వాళ్ళ నాన్నకి ఆ ఊసే తట్టలేదు. అందుకని ఆమె ఈ ఊళ్ళోనే పుట్టినా చేతిలో విదేశీయుల కార్డే ఉండేది. ఆ కార్డుతో సర్కారీ ఉద్యోగం లేదు. ఇంట్లోనే పిల్లలకి ట్యూషన్లు చెప్పుకునేది. ఉద్యోగం నాది, బుర్ర ఆమెది. ఏడవాల్సింది ఆమె కదా, ఏడ్చింది నేను.

ఆమె చదివే తీరు చూసి ఏడ్చాను. నాకు చదవాలంటే బల్ల కావాలి, తలుపు వేసి ఉండాలి, ఇంట్లో చప్పుడు ఉండకూడదు. ఆమె ముక్కని పోపులడబ్బాకి ఆనించి, కూర కలుపుతూ చదివేది. ఎక్కడైనా చిక్కుపడితే గరిటె ఆగిపోయేది. పసుపూ నూనే అంటిన బొటనవేలితో పేజీ అంచు నొక్కిపట్టుకుని అలాగే నిలబడిపోయేది. కూర మాడు వాసన వేస్తే అమ్మ ఒక్క మాటా అనకుండా వచ్చి దింపేది. అదే నేను మాడిస్తే వీధంతా వినపడేది. ముక్క నా చేతికొచ్చేసరికి అంచుల నిండా ఆ పసుపు వేలిగుర్తులే. మొదట్లో అసహ్యించుకున్నాను. కొన్నాళ్ళకి ఒక సంగతి గమనించాను: గుర్తు ఎక్కడ చిక్కగా ఉంటే అక్కడే అసలు కష్టం ఉంది. ఆమె నిలబడిపోయిన చోట నేనూ ఆగి, రెండోసారి చదివేదాన్ని. ఎవరికీ చెప్పలేదు గాని, ఆ పుస్తకంలో దారి నాకు అలాగే తెలిసింది.

అయిదో ముక్క ఆమె చేతిలో ఉండగా కడుపుతో ఉందని పుట్టింటికి తీసుకెళ్ళారు. నాకిచ్చి వెళ్ళమన్నాను. "ఆదివారం ఒప్పసెప్పలేదు గదా అమ్మీ, ఎలాగిచ్చీమంటావు" అని బుట్టలో పెట్టుకుపోయింది. వానాకాలం. దలా రేవులో దిగేటప్పుడు జనం తోసుకుంటే బుట్ట నీళ్ళలో పడింది. చీరలు దొరికాయి, అరటిపళ్ళు కూడా తేలాయట. అయిదో ముక్క దొరకలేదు. సయాజీని అప్పటికే మౌల్మీను బదిలీ చేశారు. ఇప్పుడు రంగూన్‌లో ఆ అధ్యాయం చదివిన మనిషి ఆమె ఒక్కతే. నాకు ముక్క పోయినదానికంటే ఆమె ఒక్కతే చదివిందన్నదే ఎక్కువ బాధ. దలా వెళ్ళి నాలుగు మాటలు గట్టిగా అనేసి వద్దామనే ఫెర్రీ ఎక్కాను.

వదిన చాప మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నన్ను చూడగానే, "కూకో. రూలు రూలే గదా, సూడకుండా సెప్తాను" అంది. చూడటానికి ఏముంది గనక? తిట్టడానికి వెళ్ళినదాన్ని వినడానికి కూర్చున్నాను. ఆ తరవాత వీలైన ప్రతి ఆదివారం వెళ్ళాను. చేట పక్కన పెట్టి, బియ్యపు గింజల్ని వేలితో వరసలుగా తోస్తూ చెప్పేది. "ఎవరేటి సేస్తారో ముందే సెప్పీసే అమ్మలక్క ఒకర్తి ఉన్నాదనుకో. ఆవిడ సెప్పింది విని, దానికి సరీగ్గా ఎదురు సేసే పిల్ల ఒకర్తి పుట్టిందనుకో. ఇంక ఆ పిల్ల గురించి ఆ అమ్మలక్క ఏటి సెప్పగలదు?" అని అక్కణ్ణించి ఎత్తుకుని, ఆ అధ్యాయంలోకల్లా పెద్ద సిద్ధాంతం రుజువు దాకా తీసుకెళ్ళింది. ఎక్కడా తడబడలేదు. పాపాయి పుట్టేలోపు అయిదో ముక్కంతా నాకొచ్చేసింది. నేను మళ్ళీ బర్మా కుర్రాళ్ళకి చెప్పాను. తరవాత ఆ పాఠం యూనివర్సిటీలో ఏళ్ళ తరబడి చెప్పాను. ఆ రుజువు చెప్పిన రోజు క్లాసు నాది. పిల్లలు పెన్నులు కింద పెట్టి వినేవాళ్ళు. వాళ్ళు దానికి సయామ రుజువని, అంటే టీచరమ్మ రుజువని పేరు పెట్టుకున్నారు. పుస్తకంలోదేనర్రా అని చెప్పినా మానలేదు.

చాలా ఏళ్ళ తరవాత, సింగపూరులో పనిచేస్తున్న నా విద్యార్థి ఒకడు ఆ పుస్తకం కొత్త ప్రతి తెచ్చి ఇచ్చాడు. ముక్కలు కానిది, కుట్లతో ఉన్నది. నేను మొదట తీసింది అయిదో అధ్యాయమే. ఆ రుజువు అందులో లేదు. సిద్ధాంతం ఉంది, దాని కింద పేజీల తరబడి సాగే వేరే రుజువుంది. ఆమె చెప్పింది బోర్డులో సగానికి సరిపోయేది. ఎక్కడైనా తప్పుందేమోనని వారమంతా వెతికాను. తప్పుంటే బాగుండునని వెతికాననే అనుకోండి. లేదు.

అప్పటికి నేను మింగళాడోన్ మారిపోయాను. బస్సెక్కి లతలోని అన్నయ్య ఇంటికి వెళ్ళాను. ఆమె పోపు పెడుతోంది.

"వదినా, నువ్వు చెప్పిన రుజువు పుస్తకంలో లేదు."

"నేదా? మరేటున్నాది?"

పేజీ తీసి ఇచ్చాను. చెయ్యి చెంగుకి తుడుచుకుని, నీళ్ళలో పోయినదాన్ని అన్నేళ్ళకి మళ్ళీ చదివింది. మధ్యలో పొయ్యి ఆర్పాను. పూర్తిచేసి, "అబ్బో, ఎంత దూరం తిప్పినాడు" అంది. తరవాత నెమ్మదిగా, "అయితే ఆ పేజీలు నాను మరిసిపోనాను కావాల. మరిసిపోయిన కాడ ఏటుండాలో అదే సెప్పీసినాను. అదే పుస్తకంలోదనుకున్నాను. తప్పేటి?"

"తప్పు లేదు. అదే నా ఏడుపు."

ఆమె నవ్వింది. నవ్వడం అయ్యాక పుస్తకం మూసి నా ఒళ్ళో పెట్టింది. "నీకేటి అమ్మీ. నీకు బోర్డుంది, సుద్దముక్కుంది, ఎదురుగా అంతమంది పిల్లల మొకాలున్నాయి. నాకు ఆ చాప మీద నీ మొకమొక్కటే ఉన్నాది." మామూలుగా, ఉప్పు సరిపోయిందో లేదో చెప్పినట్టుగా చెప్పింది. ఆమెకీ నా మీద అసూయ ఉందని నాకు ఆ రోజే తెలిసింది. సంతోషించాను, దాపరికమెందుకు. భోజనం పెట్టింది. ఇద్దరం ఒకే కంచంలో తిన్నాం.

ఆ ఏడు క్లాసులో, ఇది నాది కాదు, మా వదినదని చెప్పాను. పెద్ద లోకంలో ఇది ఇంకెవరికో ముందే తెలిసి ఉండొచ్చు, మాకు మాత్రం ఆమె దగ్గర్నుంచే వచ్చిందని చెప్పాను. పిల్లలు వెంటనే పేరు మార్చేశారు. నా క్లాసులో, నా బోర్డు మీద ఉన్న ఆ ఒక్క గొప్పా అలా ఆమెకే వెళ్ళిపోయింది.

కిందటేడు అదే విద్యార్థి ఇంకో కొత్త పుస్తకం తెచ్చాడు. ఇద్దరం వయసు మీరినవాళ్ళం, తొందరేమీ లేదు, మొత్తం పుస్తకం ఒకరి తరవాత ఒకరు చదువుకోవచ్చు. ఆమె ఒప్పుకోలేదు. "మొత్తమైతే పోపులడబ్బా కాడ నిలబడదు" అని బైండింగు కొట్టుకి పంపించి ముక్కలు చేయించింది. షరా మామూలే: ముందు ఆమె, వెనక నేను. రెండు ముక్కలు సమయానికి అందాయి. మూడోది రాలేదు. ఫోను చేసి, ఇంకా ఎన్నాళ్ళు అట్టిపెట్టుకుంటావని సాధించేదాన్ని. "అవుతాది, అవుతాది" అనేది. నడుంనొప్పి అంటే నమ్మాను. అది నడుంనొప్పి కాదని అన్నయ్యకి మాత్రమే తెలుసు.

దహనం అయి ఇంటికొచ్చాక, స్నానాలు చేసిన తడి తలలతో కూర్చున్నాం. అన్నయ్య వంటింట్లోకి వెళ్ళి మూడో ముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. "సగమే అయినాదట. మిగతాది ఈసారి అమ్మినే ముందు సదవమను అనీసింది" అన్నాడు. ఇన్నేళ్ళూ నేను కోరుకున్నది అదే. ఇలా ఇస్తుందని అనుకోలేదు. అప్పుడు ఏడ్చాను, అన్నయ్య కంటే గట్టిగా.

సెలవు అయిపోయాక మొదటి రోజు, క్లాసు ముగించుకుని స్టాఫ్‌రూములో ఒక్కదాన్నే కూర్చుని ఆ ముక్క తెరిచాను. సగం దాకా పసుపు గుర్తులున్నాయి. ఒక పేజీలో ఆఖరి గుర్తు, బాగా చిక్కగా ఉంది. అది దాటి పేజీ తిప్పాను. తెల్లగా ఉంది. ఎవరూ చదవని పేజీ. మొదటి వాక్యం చదివాను, రెండోది చదివాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ కష్టం మొదలవుతుందో చెప్పేవాళ్ళు లేరు. నా తరవాత ఈ ముక్క కోసం ఒక విద్యార్థిని కాచుకుని ఉంది. మూడో పేరాలో నాకు అర్థం కాలేదు. అక్కడ ఆగి, ఆమెలాగే బొటనవేలితో అంచు నొక్కిపట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. వేలు తీసి చూశాను. నా వేలికున్నది సుద్ద. తెల్లకాగితం మీద ఏమీ కనిపించలేదు.