ట్యూస్‌డే ఎలెవన్

మొన్న భోజనాల దగ్గర మా చిన్నమ్మాయి ఫోన్ చూసుకుంటూ ఒకటే నవ్వు. ప్రపంచంలోని వింత ఫుట్‌బాల్ క్లబ్బుల పేర్లట. బొలీవియాలో ఒక జట్టు ఏ మొహమాటమూ లేకుండా ‘అందరికంటే బలవంతులం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టుకుందట. ఘనాలో ఒక జట్టువాళ్ళు తమని తాము అంతుచిక్కని మరుగుజ్జులమని చెప్పుకుంటారట. స్విట్జర్లాండ్‌లో నూరేళ్ళు దాటిన క్లబ్బు ఇప్పటికీ ‘కుర్రాళ్ళు’ అనే పేరుతోనే తిరుగుతోందట. ఇంగ్లండ్‌లో ఒక క్లబ్బు పేరులో బుధవారం ఉందనేసరికి పొలమారి, మంచినీళ్ళు తాగి, "వారాల పేర్లు ఎవరన్న పెట్టుకుంటరా నాన్నా?" అంది. నాకు నవ్వు రాలేదు. పెట్టుకుంటారు. మేం పెట్టుకున్నాం. ఆ పేరు కోసం చేతికందిన టోర్నమెంటు వదిలేసుకున్నాం కూడా.

తొంభైల నాటి మాట. చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ వైపు పోయే ఒక సందులో మా నాయనకు కటింగ్ షాపు ఉండేది. మూడు కుర్చీలు, ఎదురుబొదురుగా అద్దాలు, షేవింగ్ సబ్బు, పటిక, పౌడరు కలిసిన వాసన. అశోక్‌నగర్‌లో గదులు కిరాయికి తీసుకుని పోటీపరీక్షలకు చదివే పిల్లలు కటింగ్ కోసం కొంతా, ఉత్తినే పేపరు చదవడానికి మరికొంతా వచ్చేవాళ్ళు. రెండో కుర్చీ మా చిన్నాయనది. ఎంత పెద్దమనిషి తలనైనా రెండు వేళ్ళతో ఎటు కావాలంటే అటు తిప్పేవాడు. ఇంటికొస్తే మా చిన్నమ్మ ఎటు తిప్పితే అటు తిరిగేవాడు. ఊరంతా క్రికెట్ పిచ్చిలో ఉంటే ఆయనకు మాత్రం ఫుట్‌బాల్. క్రికెట్ ఆడాలంటే రోజంతా తీరిక ఉండాలి, అది ఉద్యోగస్తుల ఆట అనేవాడు.

మంగళవారం జుట్టు తీయించుకోకూడదని జనం నమ్మకం. అందుకే ఊళ్ళో కటింగ్ షాపులన్నీ ఆ రోజు బంద్. ఆదివారం లోకమంతా కాళ్ళు చాపుకుంటే, మాకు నిలబడి నిలబడి కాళ్ళు వాచేవి. చిక్కడపల్లి, నారాయణగూడ, హైదర్‌గూడ షాపుల్లో కత్తెర పట్టే కుర్రాళ్ళని పోగేసి చిన్నాయన జట్టు కట్టాడు. బకెట్లో నీలం రంగు కలిపి బనియన్లు ముంచాం. చెమట పడితే ఆ రంగు మా ఒంటికే దిగేది. మాకున్నది ఆ ఒక్కరోజే కాబట్టి జట్టుకి ట్యూస్‌డే ఎలెవన్ అని పేరు పెట్టాడు. డిగ్రీ చదువుతున్న నేను మంగళవారం మొదటి క్లాసు ఎగ్గొట్టి బ్యాక్ ఆడేవాణ్ణి. నారాయణగూడలో ఒక కాలేజీ గ్రౌండు పొద్దున్నే ఖాళీగా ఉండేది. కానీ మంగళవారం మాతో ఆడేదెవరు? మాలో మేమే రెండుగా చీలి ఆడుకునేవాళ్ళం. ఒక్కసారైనా ఎదుటి జట్టు మొహం చూడాలని చిన్నాయనకు ఎంత ఆశో చెప్పలేను.

ఆ ఇంగ్లండ్ క్లబ్బు సంగతి నేను షాపుకొచ్చే ఒక ఆటల పత్రికలో చదివాను. వాళ్ళకు బుధవారం పూట సెలవట, ఆ రోజే ఆడేవాళ్ళు కాబట్టి ఆ పేరట. చెబితే చిన్నాయన ముందు కాస్త చిన్నబుచ్చుకున్నాడు, ఆలోచన తనదే అనుకున్నాడు మరి. తర్వాత తేరుకుని, "అయితే మనోళ్ళే" అని తేల్చేశాడు.

ఒక ఏడు ఆ గ్రౌండులోనే టోర్నమెంటు పెట్టారు. మ్యాచ్‌లన్నీ ఆదివారాలే. ఆదివారం షాపు మూస్తామంటే మా నాయన రెండు రోజులు మాట్లాడలేదు. చివరికి చిన్నాయన మొహం చూసి, తనే షట్టర్ దించాడు. మిగతా కుర్రాళ్ళు యజమానులను ఎలా ఒప్పించారో వాళ్ళకే తెలియాలి. మా మొదటి మ్యాచ్ బర్కత్‌పుర జట్టుతో. బూట్లు కట్టుకుని గీత దగ్గర నిలబడ్డాం. మైకులో వినిపించింది, "చిక్కడపల్లి లయన్స్."

మేం అటూ ఇటూ చూశాం. ఎవరో అనుకున్నాం. నిర్వాహకుడు పరుగున వచ్చాడు. బట్టల కొట్టు పెద్దమనిషి, నెలకోసారి చిన్నాయన ముందు తల వంచేవాడే. చిన్నాయన భుజం మీద చెయ్యేసి మెల్లగా చెప్పాడు. "మీ మంచికే మార్చిన. పెద్దోళ్ళు వచ్చి కూసున్నరు. ఆ పేరు ఇనంగనే తెలిసిపోతది గదా, మీరు కటింగ్ షాపోళ్ళని."

"తెల్వాల్ననే పెట్టుకున్నం సార్" అన్నాడు చిన్నాయన.

ఇంగ్లండులో బుధవారం ఉంది కదా అని నేను మొదలుపెట్టాను. బట్టల కొట్టాయన నా మాట పూర్తికానివ్వలేదు. "అది ఇంగ్లండు బాబూ, ఇది నారాయణగూడ" అన్నాడు. చిన్నాయన గ్రౌండు మధ్యకు పోయి, బంతి పక్కన బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. మేమూ పోయి కూర్చున్నాం. "మా పేరు పిలిస్తే లేస్తం" అన్నాడు. అంత ఎత్తుగా నేను నిలబడి కూడా ఎప్పుడూ లేను. మైకు మళ్ళీ లయన్స్ అని పిలిచింది. కదల్లేదు. జనం ఈలలు వేశారు, ఎవరో దువ్వెనలు తెచ్చారా అని అరిచారు. కాసేపటికి రిఫరీ గడియారం చూసుకుని, మేం ఆడకుండానే ఓడినట్టు ప్రకటించాడు. మాకు తెలిసిన ఆ ఒక్క ఆదివారం అట్లా అయిపోయింది.

ఇంటికొస్తే మా నాయన గెలిచారా అని అడిగాడు. చిన్నాయన జరిగింది చెప్పాడు. షాపు మూయించి ఆడకుండా వచ్చామని తిడతాడనుకున్నాను. ఆయన చాలాసేపు అద్దాలు తుడిచాడు. "మంచిగ చేసిన్రు" అని మాత్రం అన్నాడు.

సోమవారం సాయంత్రం బర్కత్‌పుర జట్టు కెప్టెన్ షాపుకొచ్చాడు. కాలేజీ పిల్లవాడు. చిన్నాయన కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. "కటింగ్‌కు రాలే అన్నా. ట్యూస్‌డే ఎలెవన్‌తోని ఆడాలె. రేపు వస్తం" అన్నాడు. మా పేరు మా నోట కాకుండా ఇంకొకరి నోట వినడం నాకదే మొదలు.

మర్నాడు వాళ్ళు నిజంగానే వచ్చారు, మమ్మల్ని చితగ్గొట్టారు కూడా. సాకు చెప్పుకునే వీల్లేనంత శుభ్రంగా ఓడిపోయాం. రంగు కారిన నీలం చేతులతో నేను మొహం వేలాడేసుకుని కూర్చుంటే చిన్నాయన వచ్చి పక్కన కూలబడ్డాడు. రొప్పుతున్నాడు, కళ్ళు మాత్రం వెలిగిపోతున్నాయి. "ఎందుకురా పరేషాన్? లయన్స్ ఓడలే గదా. మనం ఓడినం. మన పేరు మీద ఓడినం" అన్నాడు.

ఆ కప్పు ఎవరు గెలుచుకున్నారో నాకు గుర్తులేదు. కాలం మనిషిని అన్నిటికీ ఒప్పిస్తుందంటారు. నిజమే, తర్వాతి ఏళ్ళలో చాలావాటికి ఒప్పుకున్నాను. ఆ ఆదివారం నేల మీంచి లేచి ఉండాల్సిందన్న మాటకు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు, ఇకముందు ఒప్పుకునే ఉద్దేశమూ లేదు.